మునివెంకటప్ప చుట్టల ఒర

2023 ఫిబ్రవరి. మారికుప్పం స్టేషన్‌లో దిగి లైన్ల వైపు నడిస్తే మూడో వరస చివర మా ఇల్లు. లైన్లు అంటే గని కూలీలకు కట్టిన వరస ఇళ్ళు. ముందు వసారాలో ఒక బల్ల, దాని మీద నా సామాను: తోలు కోసే కత్తి, రంధ్రాలు పొడిచే రెండు ఆరెలు, ఒక ఆవు కొమ్ము ముక్క, తేనెమైనం ముద్ద. ఇక్కడి బంగారు గనులు మూతపడేదాకా గని తోలు షెడ్డులో పనిచేశాను. ఆ తర్వాత ఈ వసారాలోనే బెల్టులు, సంచులు, చెప్పులు చేస్తున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటింది.

నేల కిందికి దిగనివాడు గనిలో పనిచేసినట్టా అని నన్ను ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకొక మాట చెప్పాలి. గనిలో నీళ్ళు తోడే పంపుల్లో తోలు వాషర్లు ఉండేవి. గిన్నె ఆకారంలో ఉంటాయి కాబట్టి కప్ వాషర్ అంటారు. అది వెంట్రుకంత వదులుగా ఉన్నా పంపు గాలి పీలుస్తుంది, నీళ్ళు ఎక్కవు, కింద మనుషులు మునుగుతారు. ఆ వాషర్లు చేసింది మేము. తోలును నానబెట్టి, అచ్చు మీద నొక్కి, ఆరబెట్టి ఆకారం తెప్పించడం. దీన్ని వెట్ మోల్డింగ్ అంటారని ఆఫీసు చెత్తలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుసుకున్నాను. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం పూర్తి చేయడానికి రెండేళ్ళు పట్టింది. "తోలు కుట్టేవాడికి పుస్తకమెందుకు" అన్న గుమాస్తా పేరు నాకింకా గుర్తుంది. రాయను.

ఆ ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున సరోజ వచ్చింది. మా లైన్లలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు నలభై దాటింది. ఇక్కడికి గంట దూరంలోని నరసాపురంలో ఫ్యాక్టరీ పని, కంపెనీ బస్సులో పోయి వస్తుంది. వాళ్ళ నాయన మునివెంకటప్ప గనిలో డ్రిల్లింగ్ మెషిన్ పట్టినవాడు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తండ్రీ కూతుళ్ళు ఇద్దరే ఆ ఇంట్లో.

"చిన్నాయనా, చుట్టలు పెట్టుకునేదానికి తోల్తో ఒక డబ్బీ మాదిరి చేస్తావా?" అంది.

"ఎవురికమ్మా?"

"ఇంగెవురికి? మా నాయనకే."

నేను కత్తి కింద పెట్టాను. "ఊపిరాడక ఆస్పత్రిలో పది దినాలుండి వచ్చినోడికి చుట్టలా?"

"తాగేది మానేసినాడులే. పొగ పీలిస్తే ఇంగ నా దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు. మానేసినాడు సరే, జోబీలో రెండు చుట్టలు లేకుంటే గడప దాటడు. తీసి వాసన చూసుకుంటాడు, మళ్ళా పెట్టుకుంటాడు. అవి నలిగి పొడుం. చొక్కా, పరుపు, అన్నం తట్ట, యాడ చూసినా పొగాకే. మొన్న కోపమొచ్చి మొత్తం ఎత్తి చెత్తబండిలో వేసేసినా."

"ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు. అదే కదా కష్టం. పన్నెండు దినాలాయె, నాతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు. మాట్లాడడు."

"రెండు చుట్టలెందుకు, వాసనకి ఒకటి చాలదా?"

"ఒకటి తనకి, ఒకటి ఎవురన్నా అడిగితే ఇచ్చేదానికంట. అడిగేవాళ్ళంతా మట్టిలోకి పోయినారు. చెప్తే వినడు."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి అసలు మాట చెప్పింది. "మూత మాత్రం బిర్రుగా ఉండాల చిన్నాయనా. ఆయన చేతికి ఊడిరాకూడదు. జోబీలో ఉండాదనే ధైర్యం చాలు ఆయనకి. నేను డ్యూటీకి పోతే పది గంటలు ఒక్కడే ఉంటాడు. అగ్గిపెట్టె యాడైనా దొరుకుతాది. బస్సులో కూర్చుంటే నాకదే గుబులు."

నాకది న్యాయంగానే తోచింది. ఊపిరి కంటే ఏది ముఖ్యం? సరేనన్నాను.

నాకు ఈ పని మీద ఇంకో కారణానికి కూడా మనసైంది. తోలు షెడ్డులో ఉన్న రోజుల్లో పెద్ద ఆఫీసర్లకి చుట్టల ఒరలు చేసి ఇవ్వడం మా మేస్త్రీ చేతి పని. కత్తికి ఒర ఉన్నట్టే చుట్టకి ఒర. మూత లాగితే లోపలి గాలి కదిలి సన్నగా 'ఫక్' అని శబ్దం రావాలి, అదే దాని గొప్ప. అదే చుట్ట రాయి కొట్టేవాడి దగ్గర ఉంటే చెవి సందులోనో తలగుడ్డ మడతలోనో ఉండేది. వాడి చుట్టకి ఒర చేయమని ఎవడూ అనలేదు. ఇన్నేళ్ళకి ఒక డ్రిల్లరు చుట్టకి ఒర చేస్తున్నాను, ఆఫీసరు ఒర దీని ముందు దిగదుడుపు కావాలి అనుకున్నాను.

పని ఎలా చేశానో చెబుతాను, ఎందుకంటే తప్పు అక్కడే ఉంది.

మొదట తోలు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది క్రోమ్ తోలు, అంటే రసాయనంతో పదును చేసినది. మెత్తగా ఉంటుంది కానీ అచ్చు మీద నొక్కితే రబ్బరులాగా వెనక్కి వస్తుంది. ఆకారం నిలవాలంటే వెజిటబుల్ టాన్డ్ కావాలి, చెట్టు బెరడుతో పదును చేసినది. ఆంబూరులో మూడు తోలు అంగళ్ళు తిరిగి రెండు మిల్లీమీటర్ల మందం ముక్క తెచ్చాను. ఒక అంగట్లో రెక్సిన్ చూపించి తోలే అన్నాడు. మూరెడు గుడ్డ మీద ప్లాస్టిక్ పూసి నాకే తోలంటాడు. వాడితో అరగంట పోట్లాడాను.

తర్వాత అచ్చు. కొలతకి చుట్టలు తెమ్మంటే సరోజ ముళబాగిలు సంత చుట్టలు రెండు పేపర్లో చుట్టి, చచ్చిన ఎలుకని తెచ్చినట్టు దూరంగా పట్టుకుని తెచ్చింది. టేకు ముక్కని ఆ రెండు చుట్టలు పక్కపక్కన పడుకున్న ఆకారంలో చెక్కాను. అచ్చు చుట్ట కంటే దారమంత లావుండాలి. లేకపోతే చుట్ట లోపలికి పోదు, పోతే రాదు.

తోలుని గోరువెచ్చని నీళ్ళలో వేస్తే బుడగలు వస్తాయి. బుడగలు ఆగితే నానినట్టు. తీసి అచ్చు మీద పరిచి, బొటనవేళ్ళతో అంచులు లాగి, రెండు చుట్టల నడుమ పల్లాన్ని కొమ్ము ముక్కతో నొక్కి, చుట్టూ మేకులు కొట్టాలి. మేకులు ఇత్తడివే. తడి తోలుకి ఇనుము తగిలితే ఆ చోటు నల్లబడి ఇంక పోదు. నీడలోనే ఆరాలి. ఎండలో పెట్టినవాడికి పెళుసు అప్పడం దొరుకుతుంది. ఇలా ముందు పెంకు, వెనక పెంకు చేసి, అంచులు కోసి, ఆరెతో రంధ్రాలు పొడిచి, ఒకే దారానికి రెండు సూదులు వేసి అటూ ఇటూ కుట్టాను. దీన్ని సాడిల్ స్టిచ్ అంటారు. ఒక చోట తెగినా మిగతా కుట్టు విడిపోదు. మెషిన్ కుట్టుకి ఆ గుణం లేదు.

ఇక మూత. మూతని కింది భాగం మీదనే పెట్టి మలుస్తారు. మధ్యలో కాగితం చుడతారు. ఆ కాగితమే బిగువుకి కొలత. మామూలుగా నేను న్యూస్‌పేపర్ ఒక చుట్టు వేస్తాను. ఆరాక కాగితం తీసేస్తే అంతే సందు మిగులుతుంది, మూత హాయిగా జారుతుంది. సరోజ మాట ప్రకారం ఈసారి కాగితమే వేయలేదు. తోలు మీద తోలు. ముప్పై ఏళ్ళు పంపు వాషర్లు చేసిన చెయ్యి కదా, గాలి దూరకుండా నొక్కడం దానికి నేర్పనక్కర్లేదు.

అంచులకి చింతగింజల గంజి రాసి కొమ్ముతో రుద్దితే అద్దంలాగా వస్తుంది. పైన ఆముదం రెండు చుక్కలు, తేనెమైనం పూత. లోపల ఏమీ పూయకూడదు. పూస్తే చుట్టకి ఆ వాసన పడుతుంది. ఎనిమిది రోజులకి పూర్తయింది. మూత వేసి లాగి చూశాను. నేనే రెండుసార్లు గుంజాల్సి వచ్చింది. నా జన్మలో అంత నీటుగా ఇంకోటి చేయలేదు. సరోజ తీసుకుపోయింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది: "మాట్లాడినాడు చిన్నాయనా! 'ఎవురు చేసినారు' అన్నాడు!"

ఆరో రోజు మధ్యాహ్నం మునివెంకటప్ప మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళ వరస నుంచి మా వరసకి నాలుగు నిమిషాల నడక. ఆయనకి ఎంతసేపు పట్టిందో తెలియదు. వచ్చి బల్ల ముందు స్టూలు మీద కూలబడి, చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, ఊపిరి సర్దుకునేదాకా మాట్లాడలేదు. లోపల జల్లెడలో ఇసుక కదిలినట్టు చప్పుడు. గనిలో రాతిదుమ్ము మింగినవాళ్ళందరికీ ఉండే చప్పుడే.

తర్వాత ఒరని నా ముందు పెట్టాడు. "ఒరే సామేలూ, ఇది తియ్యి."

తీశాను. 'ఫక్' అంది.

"నాకు రాదు. ఐదు దినాలుగా గుంజతా ఉండా. పండ్లతో కూడా పట్టినా." చూపించాడు. నా మెరుగుపెట్టిన అంచు మీద రెండు పంటి గాట్లు.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. అబద్ధం చెప్పాను. "కొత్త తోలు కదన్నా, చలికి బిగుసుకుని ఉంటాది. పోనుపోను వదులవుతాది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నువ్వు అతుకేసిన బూట్లు ఇన్నేళ్ళు తొడిగినా నేను. నీళ్ళలో నిలబడినా, రాతి మీద నిలబడినా. ఒక్క దినమన్నా బిగుసుకున్నాయా? తోలు మీద యాల పెడతావురా నేరం? సరోజ చెప్పిందా?"

ఇంక దాచలేదు. "చెప్పిందన్నా. నీ చేతికి ఊడిరాకూడదనింది. నేను ఊ అన్నా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. డ్రిల్లింగ్ మెషిన్ అదురుకి వేళ్ళ కొసలు పాలిపోయి, మొద్దుబారి ఉన్నాయి. వాటిని చిటికెలాగా దగ్గరికి తెచ్చాడు, బొటనవేలూ చూపుడువేలూ కలుసుకున్నాయి కానీ పట్టు లేదు. నేను చుట్టని కొలిచాను, అచ్చుని కొలిచాను, తోలు మందం కొలిచాను. ఈ చేతిని చూడనే లేదు. సరోజ బిర్రుగా చేయమనకపోయినా, నేనెప్పుడూ వేసే ఒక చుట్టు కాగితం వేసినా, ఈ వేళ్ళకి ఆ మూత వచ్చేది కాదు.

"ఒరే," అన్నాడు, "ఆ దుమ్ము మింగితే ఏమవుతాదో ఎవురన్నా నాకు చెప్పినారా? చెప్పలా. గని మూసేముందు మమ్మల్ని అడిగినారా? అడగలా. డాక్టరు కూడా సరోజతోనే చెప్తాడు, నేను పక్కనే కూర్చోని ఉంటే. వాళ్ళంతా పెద్దోళ్ళు, పోనీ. నువ్వు, నా కూతురు... మీక్కూడా నేను అడగాల్సిన మనిషిగా కనపడలేదా? 'తాగుతావా నాయనా' అని ఒక మాట అడిగితే చెప్పేదానికి నాకు నోరు పడిపోయిందా?"

"అడిగితే ఏం చెప్పేవాడివన్నా?"

"అది అడిగినప్పుడు చెప్తా."

ఇతరులు మా మీద చేసిన పెత్తనాల జాబితా నా దగ్గర పెద్దదే ఉంది. దినమూ చదువుకుంటూ ఉంటాను. అందులో నా పేరు కూడా రాసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

ఆయన చేతిని కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాను. ఎన్ని వేళ్ళకి పట్టు ఉంది, ఏ వేలు వంగుతుంది, అన్నీ అడిగి రాసుకున్నాను. అరచేయీ, బొటనవేలి మొదలూ బాగా పనిచేస్తున్నాయి. ఒరని ఉంచి వెళ్ళమని, ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టాను.

ఒకసారి అచ్చుకి మలిచిన తోలు మళ్ళీ నానబెడితే మాట వింటుంది, కానీ ఒక్కసారే. రెండోసారికి పస పోతుంది. మూతని తడిపి, కింది భాగానికి న్యూస్‌పేపర్ మూడు చుట్లు వేసి మళ్ళీ మలిచాను. ఆరాక మూత అంచున రెండు వైపులా అర్ధచంద్రంలాగా కోశాను. అక్కడ బొటనవేలి మొదలు ఆనించి తోస్తే చాలు, చిటికె పట్టనక్కర్లేదు. ఆ కోతతో పంటి గాట్లు కూడా పోయాయి. మూత నెత్తిన ఒక తోలు ఉంగరం కుట్టాను, మొద్దు వేలు దూరేంత. 'ఫక్' శబ్దం పోయింది. మా మేస్త్రీ చూస్తే ముఖం చిట్లించేవాడు. చిట్లించనీ.

పని పూర్తయిన మర్నాడు సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చాను. ఉంగరంలో వేలు దూర్చి, అంచు దగ్గర తోసి, మునివెంకటప్ప ఒక్క ఊపులో మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. అప్పుడే సరోజ కంపెనీ బస్సు దిగి, మెడలో కార్డు తీయకుండానే లోపలికి వచ్చింది. చూసింది.

"చిన్నాయనా! నేను చెప్పిందేమి, నువ్వు చేసిందేమి?"

"నువ్వు చెప్పినట్టు చేసింది మొన్నటిదమ్మా. ఇది మీ నాయన చెప్పినట్టు చేసినా."

"రేపు ఊపిరాడకపోతే ఆస్పత్రికి నువ్వు ఎత్తుకుపోతావా? ఊరికే తోలు కుట్టి ఇచ్చి పోయేవాడివి, నీకేం తెలుసు?"

ఆమె అన్నది నిజం. రాత్రుళ్ళు వీపు నిమిరేది ఆమె, నేను కాదు. మునివెంకటప్ప మాత్రం ఒరలోంచి ఒక చుట్ట తీసి, మూతి మీద మీసంలాగా పెట్టుకుని, గట్టిగా పీల్చి కూతురి వైపు చాపాడు. "నువ్వూ చూడు, ఎట్లుండాదో."

"ఛీ," అంది సరోజ. నవ్వు ఆపుకోవడానికే లోపలికి పోయిందని నాకు అర్థమైంది.

కథ ఇక్కడ ఆపితే అందరికీ బాగుంటుంది. కానీ జరిగింది జరిగినట్టు రాయాలి. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం సరోజ ఆ ఒర పట్టుకుని విసవిసా వచ్చింది. మూత తీసి లోపల చూపించింది. అడుగున నల్లటి మరక, గోరంత. కాల్చి ఆర్పిన చుట్ట కొస ఆనితే పడే మసి.

"తాగినాడు. నీ పుణ్యమే ఇదంతా. ఏం చెయ్యమంటావు ఇప్పుడు? పారెయ్యనా? మళ్ళా బిర్రు చేస్తావా?"

మరక మీద వేలితో రాసి చూశాను, మసే. అయినా ఒకసారి చేసిన తప్పు రెండోసారి చేయదలచుకోలేదు. "మీ నాయన్ని అడిగినావా?"

"అడిగితే నిజం చెప్తాడా?"

"ఎప్పుడన్నా అడిగి చూసినావా తల్లీ?"

ఆమె ఒర మూత వేస్తూ తీస్తూ నిలబడింది. తర్వాత ఒర తీసుకుని వెళ్ళిపోయింది. జరిగింది మర్నాడు ఆమే చెప్పింది. ఎదురుగా కూర్చుని, అరవకుండా, "తాగినావా నాయనా" అని అడిగింది. ఆయన వెంటనే "తాగినా" అన్నాడు. "అరచుట్ట. పక్క లైన్లో మా షిఫ్టోడు పోయినాడని తెలిసిన దినం. దగ్గొచ్చింది, ఆర్పేసినా. నిన్ను నిద్ర లేపి చెప్దామనుకున్నా, మళ్ళా డ్యూటీకి పోవాల్సినదానివి కదా అని ఊరుకున్నా." అప్పుడు సరోజ, డాక్టరు తనతో చెప్పిందంతా మొదటినుంచి ఆయనకి చెప్పిందట. ఊపిరితిత్తుల్లో ఎంత భాగం రాయైపోయిందో, ఎంత మిగిలిందో. ఆయన ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడట. చివరికి "ఇన్ని దినాలు నువ్వొక్కదానివే మోసినావా ఇదంతా" అన్నాడట.

ఆ మరక తుడవమని ఎవరూ నన్ను అడగలేదు. నేనూ తుడుస్తాననలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటి మారింది. ఎవరైనా ఇంకొకరి కోసం వస్తువు చేయమంటే, వాడేవాళ్ళని తీసుకురమ్మంటాను. రాలేని స్థితిలో ఉంటే కాగితం, పెన్సిలు పట్టుకుని నేనే పోతాను, చేతిని గీసుకుంటాను, ఎలా కావాలో వాళ్ళ నోటితో వింటాను. "మేం చెప్తున్నాం కదా, ఆమెకేం తెలుస్తుంది" అన్నవాళ్ళని వసారా దిగి వెళ్ళమన్నాను కూడా. చాదస్తం ముదిరిందని నన్ను అనుకునేవాళ్ళు ఉన్నారు. అనుకోనీ. తోలుకైనా నానబెట్టేముందు మందమెంతో, ఏ దిక్కుకి సాగుతుందో వేళ్ళతో అడిగి చూస్తాం. మనిషిని అడగకపోతే ఎలా?

మునివెంకటప్ప ఈ రోజుకీ ఉన్నాడు. నడక తగ్గింది, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, జేబులో ఒర ఉంటుంది. ఆ అరచుట్ట తర్వాత ఇంకొకటి తాగాడా లేదా అని ఇది రాస్తున్నట్టు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్నడిగారు. నాకు తెలియదు. ఆయన ఇంట్లోనే ఉంటాడు, పోయి ఆయన్నే అడగండి అన్నాను.